ఒకటిన్నర చుట్టు

పోయిన నెలలో అవ్వను కంటి డాక్టరుకు చూపించడానికి నేనుండే జగిత్యాలకు తీసుకొద్దామని సిరిసిల్లకు వెళ్లాను. అవ్వ అంటే మా అమ్మ, తమ్ముడి ఇంట్లో ఉంటుంది. ప్రయాణమంటే ఆమెకు రెండు గంటల పని. మందులు రుమాల్లో మూటగట్టాలి, కట్టిన మూట విప్పి ఏదైనా మరిచానా అని చూసుకోవాలి, మళ్లీ కట్టాలి. తొందరపెడితే కోపం. "ఆగరాదుర, రైలేమన్న పోతాందా?" అంటుంది. సిరిసిల్లలో మా చిన్నప్పుడు రైలూ లేదు, దాన్ని అందుకోవాలన్న తొందరా లేదు. సరే అని వంటింట్లోకి వెళ్లి చాయ్ పోసుకుంటూ, పొయ్యి పక్కనున్న కుదురు మీది నుంచి పాల గిన్నె ఎత్తాను. ఆ కుదురును ఎన్నేళ్లుగానో చూస్తున్నాను. పాత చీర పేలికలు గట్టిగా చుట్టిన ఒక గుండ్రటి చుట్ట. లోపల గడ్డి ఉంటుందనుకునేవాణ్ణి. ఆ రోజు పేలిక ఒక పక్క పిగిలి, లోపల నల్లగా ఇనుము కనిపించింది. వేలితో గీరి చూశాను. చిటికెనవేలంత మందం కడ్డీ, ఒకటిన్నర చుట్టు తిరిగి ఉంది. ఒక కొసన గ్రైండరుతో కోసిన గుర్తు. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. అది మా పాత కారు స్ప్రింగు ముక్క.

ఆ కారు సంగతి చెప్పాలంటే ముందు అవ్వ నడుము సంగతి చెప్పాలి. ఎందుకంటే ఆ కారు కొన్నదే ఆ నడుము కోసం. అవ్వ పెళ్లయి వచ్చిన నాటి నుంచి బీడీలు చేసింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, చల్లి, మాకింత జొన్న గట్క వండిపెట్టి, చాట ఒళ్లో పెట్టుకుని గోడకు చేరగిలబడితే మళ్లీ లేచేది మధ్యాహ్నం అన్నానికే. రాత్రి నానబెట్టిన తునికాకును తడి గోనెలో చుట్టి ఉంచేది. ఆ తడి ఆకు వాసన, తంబాకు ఘాటు, దానికి తోడు బాపు అంగీకి అంటిన సాంచల నూనె వాసన. ఈ మూడూ కలిస్తేనే మా ఇల్లు. సాంచలంటే మరమగ్గాలు. బాపు వాటిని నేసేవాడు కాదు, బాగుచేసేవాడు. నాలుగు కార్ఖానాలకు ఆయనే మేస్త్రీ. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో ఆపి, వీధి అవతలి కార్ఖానా చప్పుడు విని, "మూడో సాంచ తాళం తప్పింది" అని లేచి వెళ్లేవాడు. అరవై సాంచలు ఒక్కసారి కొట్టుకునే చోట ఒకదాని తప్పు వినిపించే మనిషికి, పక్కన కూర్చున్న పెండ్లాం నడుము నొప్పి ఎన్నేళ్లకు వినిపించిందో నేను అడగలేదు. ఒక రోజు చాట దించి లేవబోయి, అవ్వ అట్లాగే సగం వంగి ఉండిపోయింది. బాపూ నేనూ చెరో పక్క పట్టి మంచం మీద పడుకోబెట్టాం.

జగిత్యాలలో ఎముకల డాక్టరొకాయన మంచివాడని చెబితే అక్కడికి తీసుకెళ్లాం. వెన్నుపూసలు అరిగాయన్నాడు. పదిహేను రోజులకోసారి తెచ్చి చూపించమన్నాడు. కుదుపులు మాత్రం తగలకూడదన్నాడు. ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే గుంత గుంతకూ అవ్వ నోట్లో కొంగు కుక్కుకోవడం చూశాడు బాపు. మూడో నాడు, ఎవరో అమ్మకానికి పెట్టిన తెల్ల చిన్న కారును తోలించుకొచ్చి వాకిట్లో పెట్టాడు. మా వాడలో అంతకుముందు కారు నిలిచింది లేదు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నాలుగు రోజుల్లో డ్రైవింగ్ నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే గేర్లు పడేవి, అంతే. మిగతాదంతా అహంకారం.

ఆ అహంకారానికి అగ్గి పెట్టింది మా మేనబావ రాజేశం. కోరుట్లలో ఉండేవాడు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చి తనూ ఒక చిన్న కారు కొన్నాడు. దాన్ని కిందికి దింపించాడు. టైర్లకూ పైనున్న రేకుకూ మధ్య రెండు వేళ్లు పట్టేవి కావు. నేలను పట్టుకుని పాకినట్టు పోయేది. కోరుట్ల బస్టాండు ముందు దాన్ని ఆపితే మనుషులు ఆగి చూసేవాళ్లు. దాని పక్కన నేను మా కారు ఆపాను. రాజేశం చుట్టూ తిరిగి చూసి, "ఏం బామ్మర్దీ, గీ కారు నాగలి కట్టి దున్నుటానికి కొన్నరా? గంత ఎత్తున్నదేంది!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా చెవులు కాలుతూనే ఉన్నాయి. ఇరవై ఏళ్ల మగపిల్లవాడికి నలుగురిలో నవ్వులపాలు కావడం కంటే పెద్ద కష్టం లోకంలో ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. అవ్వ రోజూ పక్క గదిలోనే మూలుగుతూ ఉన్నా తెలియలేదు.

మర్నాడు రాజేశం నన్ను కోరుట్లలో తన మెకానిక్కు సలీం భాయ్ దగ్గరకు తీసుకెళ్లాడు. తలకు రుమాలు చుట్టుకుని, ఎప్పుడూ నోట్లో సోంపు నములుతుండే పెద్దమనిషి. కారును దింపడానికి మూడు దారులున్నాయని చెప్పాడు. స్ప్రింగును గ్యాసు మంటతో కాలిస్తే అదే కుంగుతుంది, గంటలో పని అయిపోతుంది. లేదా చుట్టో చుట్టున్నరో కోసేయాలి. లేదంటే హైదరాబాదు నుంచి పొట్టి స్ప్రింగులు, వాటికి సరిపడే షాకబ్జర్లు తెప్పించి బిగించాలి. అది సిసలైన పని, కానీ ఖర్చుతోనూ ఆలస్యంతోనూ కూడిన పని. నాకు ఆలస్యం పనికిరాదు. ఇంకో పది రోజుల్లో కోరుట్లలో రాజేశం చెల్లెలి పెళ్లి ఉంది. బరాతుకు, అంటే పెళ్లి ఊరేగింపుకు, మా కారు కూడా కావాలన్నాడు రాజేశం. కానీ నాగలి కారు వద్దన్నాడు.

ఇంట్లో చెప్పినప్పుడు బాపు చేతులకంటిన నూనెను కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. తల ఎత్తకుండా, "పైన పటారం, లోన లొటారం" అన్నాడు. నేను అన్నం తినకుండా పడుకున్నాను. ఆ మొండితనం మా ఇంట్లో బాగానే పనిచేసేది, ఎందుకంటే నేను తినకపోతే అవ్వ తినేది కాదు. మర్నాడు ఆమే బాపును అడిగింది. "పోరడు ముచ్చటపడ్తాండు. జెయ్యనియ్యరాదు, నీ సొమ్మేం బోయె?" అంది. బాపు నా వైపు తిరిగి, "సరే. గని ఒక్క మాట. మీ అవ్వ నడుముకు తెల్వద్దు. గది తెల్వకుంట ఎట్ల దింపుతవో నాకు జెప్పి దింపు" అన్నాడు.

నేను మూడు దారులూ చెప్పాను. చెప్పాక ఆయన మొహంలో కోపం పోయి, పని కనిపించింది. బాపుకు ఏ యంత్రం మాట చెప్పినా అంతే. కాల్చుడు మాట వినగానే చెయ్యి అడ్డంగా ఊపాడు. "కాల్చిన స్ప్రింగు ఇగ స్ప్రింగు గాదు. సాంచకు ఏసి సూసిన, వారం ఉండది" అన్నాడు. పొట్టి స్ప్రింగులు తెప్పిద్దాం, పండుగ దాకా ఆగమన్నాడు. నేను మళ్లీ మొహం ముడుచుకున్నాను. ఇక మిగిలింది కోత. "కోసినంక అతుకరాదు. కొయ్యకముందే సూడాలె" అని లేచి కార్ఖానాకు పోయాడు. వచ్చేటప్పుడు రిక్షాలో ఇనుప బరువులు తెచ్చాడు. సాంచ వెనక నూలు చుట్టిన పెద్ద దుంగ ఉంటుంది. దారం బిగువుగా నిలవడానికి దానికి గొలుసుతో బరువులు వేలాడదీస్తారు. ఆ బరువుల్ని కారు డిక్కీలో కొన్ని, సీట్ల కింద కొన్ని, ముందు కాళ్ల దగ్గర కొన్ని పేర్చాడు. ఒక్కొక్కటి పెట్టినప్పుడల్లా కారు కొంచెం కొంచెం కిందికి దిగింది. నేను చప్పట్లు కొట్టాను. కోయకుండానే రాజేశం కారంత ఎత్తుకు వచ్చి నిలిచింది మా కారు.

"గిప్పుడు మీ అవ్వను ఎక్కియ్యి" అన్నాడు బాపు. ముగ్గురం బోయినపల్లికి పోయాం. అది అవ్వ తల్లిగారి ఊరు. ఆ రోడ్డు సంగతి ఆ రోడ్డుకే తెలుసు. అయినా కారు, బరువులన్నీ మోస్తూ, మెత్తగా ఊగుతూ పోయింది. బాపు వెనక్కి తిరిగి కూర్చుని దారంతా అవ్వ మొహమే చూశాడు. ప్రతి గుంత తర్వాత "ఎట్లున్నది?" అని అడిగాడు. అవ్వకు సిగ్గేసింది. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన అన్నిసార్లు అడిగి ఉండడు. "ఊయల తీర్గున్నది. నడుముకు తెల్వనే తెల్వది" అంది. అంతే, తీర్పు అయిపోయింది. ఇంటికి రాగానే బాపు నూలు దారం తీసుకుని నేల నుంచి రేకు దాకా కొలిచి, ముందుకొకటి వెనక్కొకటి ముడి వేశాడు. ఆ దారం నా చేతిలో పెట్టి, "గీ ముడి కాడికి రావాలె అని సలీంకు జెప్పు. ఎక్కువొద్దు తక్కువొద్దు" అన్నాడు. మర్నాడు ఒక కార్ఖానాలో కొత్త సాంచలు దింపుతున్నారు కాబట్టి ఆయన రాలేదు. నేనొక్కణ్ణే కోరుట్లకు పోయాను.

ఇక్కడి నుంచి చెప్పబోయేది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా.

సలీం భాయ్ దారం చూసి ముచ్చటపడ్డాడు. బాపు చేసిన బరువుల పని విని పెద్దగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, సోంపు ఉమ్మేసి, "మీ బాపు పెద్ద ఉస్తాదే. గని గిదొక్కటి తప్పిండు బేటా" అన్నాడు. "బరువు వెడ్తే కారు దిగుతది, మెత్తగుంటది. కోస్తే గూడ దిగుతది, గని గట్టిపడ్తది. చుట్లు తగ్గిన స్ప్రింగు ఒంగది. గా ఊయల ఉండది ఇగ. ఇంట్ల జెప్పిరా పో, రేపు కోద్దాం."

ఆయన చెప్పింది నాకు అర్థం కాలేదని అబద్ధం ఆడలేను. అర్థమైంది. డిగ్రీలో చదివిన పాఠమే అది. ఇప్పుడు ఏటా పదో తరగతి పిల్లలకు నేనే బోర్డు మీద స్ప్రింగు బొమ్మ గీసి భౌతికశాస్త్రం చెబుతాను. బాపుది సాంచ తెలివి. సాంచ మీద బరువు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, ఎవరూ తీయరు. కారు నుంచి మేం బరువులు దించేశాక కథ మారిపోతుందని ఆయనకు తట్టలేదు. నాకు తట్టింది. తిరిగి సిరిసిల్లకు పోయి ఆ ఒక్క మాట చెబితే చాలు. కానీ చెబితే బాపు కోయనివ్వడు, పండుగ దాకా ఆగమంటాడు. పెళ్లికి వారమే ఉంది. "ఇంట్ల తెలుసు భాయ్, కోసెయ్యి" అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, గ్రైండరు తీశాడు. నాలుగు స్ప్రింగులకూ ఒకటిన్నర చుట్టు. నిప్పురవ్వలు ఎగురుతుంటే దూరంగా నిలబడి చూశాను. కారు బాపు ముడి దగ్గరికి సరిగ్గా వచ్చి ఆగింది. కోసిన నాలుగు ముక్కల్నీ సలీం భాయ్ సంచిలో వేసి ఇచ్చాడు. "మీ బాపుకియ్యి" అన్నాడు. ఇంటికొచ్చి ఇచ్చాను, అవి ఏమయ్యాయో మళ్లీ అడగలేదు.

బరాతులో మా కారు రాజేశం కారు వెనకే పోయింది. ఆ ఒక్క సాయంత్రం నేను రాజునే. కాదనడం ఎందుకు? ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది, అదే నాకు సిగ్గు.

తర్వాతి వారం అవ్వను జగిత్యాలకు తీసుకెళ్లాను. బాపు బయల్దేరే ముందు వచ్చి కారు ఎత్తును దారంతో కొలిచి, ముడి సరిపోయిందని తృప్తిగా తలూపాడు. వేములవాడ దాటగానే మొదటి స్పీడు బ్రేకరు వచ్చింది. దబ్బుమంది. నా పళ్లు టక్కున కొట్టుకున్నాయి. అద్దంలో చూశాను. అవ్వ కళ్లు మూసుకుని ఉంది, పెదాలు బిగించి ఉంది. "ఎట్లున్నది అవ్వా?" అని అడిగాను. "మంచిగనే ఉన్నది కొడుకా, నడుపు" అంది. ఆ మాట నాకు కావలసిన మాట. పట్టుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు, పదిహేను రోజులకోసారి, అదే ప్రశ్న, అదే జవాబు. అద్దంలో ఆమె మొహం మాత్రమే కనిపించేది. ఏ ఊరి బడి ముందు బ్రేకరు ఉందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. అది రాకముందే కళ్లు మూసుకునేది. దేవుణ్ణి తలచుకుంటోందని అనుకున్నాను. జగిత్యాలలో దిగాక తలుపు పట్టుకుని కాసేపు నిలబడేది. అడిగితే, "తిమ్మిరెక్కినయి కాళ్లు" అనేది. కొన్నాళ్లకు బాపు వెనక సీటు మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచాడు. సీటు మాసిపోతోందని అన్నాడు. నేను నమ్మాను. నమ్మడం ఎంత హాయి!

నాకు ఉద్యోగం వచ్చి జగిత్యాలకు మారాక ఆ కారును అమ్మేశారు. అవ్వ నడుము పట్టీతో, గోలీలతో, వేపాకు కాపడంతో ఎట్లాగో గట్టెక్కింది. బాపు పోయి ఆరేళ్లయింది. సాంచల చప్పుడు మా పాత వీధిలో ఇప్పుడు సగం కూడా లేదు. సలీం భాయ్ దుకాణం ఉన్న చోట మొబైళ్లు అమ్ముతున్నారు. ఇప్పటి నా కారు చాలా మెత్తనిది. రోడ్లు కూడా అప్పటివి కావు. పిల్లలు నా దగ్గరకొచ్చి "సార్, కారును కిందికి దింపిస్తే బాగుంటది కదా" అంటారు, ఫోనులో ఏవో బొమ్మలు చూపిస్తారు. వాళ్లకు బోర్డు మీద లెక్క చేసి చూపిస్తాను. మిగతా సంగతి చెప్పను.

ఆ రోజు కుదురును ఉన్నచోటే పెట్టి, అవ్వను తీసుకుని బయల్దేరాను. ఈసారి ముందు సీట్లో, నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. అవ్వ మాట్లాడుతూనే ఉంది. చిన్న కోడలు పప్పులో ఉప్పు వేయదట, పక్కింటివాళ్ల కుక్క మన గడప మీదే పడుకుంటుందట. వేములవాడ దాటింది. మాట మధ్యలో ఆమె ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. రెండు అరచేతులూ సీటుకు ఆనించి, మోచేతులు బిగించి, ఒళ్లంతా బెత్తెడు పైకి లేపింది. కారు స్పీడు బ్రేకరు ఎక్కి దిగింది. తర్వాత మెల్లగా కూర్చుని, "ఏమంటున్న? ఆ, గా కుక్క..." అని మళ్లీ మొదలుపెట్టింది.

కారు పక్కకు తీసి ఆపాను. అద్దంలో నాకు ఎప్పుడూ కనిపించనివి ఆ చేతులు.

"ఎందుకాపినవ్‌ర?" అంది.

"గట్ల లేస్తవేందవ్వా, బ్రేకరొస్తే?"

తన చేతుల్ని తానే చూసుకుని నవ్వింది. "ఎర్కలేదు కొడుకా. అలవాటైంది."

అప్పుడు చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత, రోడ్డు పక్కన, ఇంజను ఆపకుండా. "గప్పుడు సలీం భాయ్ నాకు చెప్పిండవ్వా. కోస్తే గట్టిపడ్తదని. ఇంట్ల చెప్పిరమ్మన్నడు. నేనే చెప్పలె." యాభై దాటిన మనిషిని, స్టీరింగు పట్టుకుని చిన్నపిల్లాడిలా కూర్చున్నాను.

అవ్వ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "ఎర్కనే" అంది.

"ఏంది ఎర్కనే?"

"మీ బాపు మల్ల వారమే పోయిండు కోరుట్లకు, సలీం కాడికి. గింత గట్టిగెందుకాయె అని అడుగ. గాయిన చెప్పిండు, మీ పోరనికి చెప్పిన అని. ఇంటికచ్చి కొత్త స్ప్రింగులు ఏపిస్త, ఆణ్ణి దంచుత అని ఎగిరిండు. నేనే వద్దన్న."

"ఎందుకవ్వా?"

"బీడీలు చేసుకుంట గోడకు గూసున్నన్నాళ్లు నువ్వు నా దిక్కు సూడకపోయేటోనివి. కారచ్చినంక పదిహేను దినాలకోపారి నన్ను ఎక్కిచ్చుకొని, నవ్వుకుంట, ఎట్లున్నది అవ్వా అని అడుగుతుంటివి. గది తెలిస్తే నీకు మొఖం చెల్లకపోవు. నడుపకపోదువు." కిటికీలోంచి బయటకు చూసింది. "నడుమేముంది, అదెట్లనన్న నొస్తనే ఉండె. పా, డాక్టరు ఎల్లిపోతడు."

కారును మళ్లీ రోడ్డెక్కించాను. ముందు ఏదో ఊరి బడి కనిపించింది, దాని ముందు బ్రేకరు. నేను గేరు తగ్గించి, కారును దాదాపు నిలిపేసి, ఒక్కో చక్రాన్నీ పిల్లిలా ఎక్కించి దించాను. సీటు మీద పెట్టిన నీళ్ల సీసా కూడా కదల్లేదు. అవ్వ చేతులు మాత్రం అప్పటికే సీటుకు ఆనించి ఉన్నాయి.